క్లచ్ మార్చేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు సంగతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది మాన్యువల్ గేర్లున్న ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్. క్లచ్ జారుతోంది, గేర్‌బాక్స్ దింపక తప్పదు. వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసును (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెను) ముందే విప్పాలా, రెండూ కలిపి దింపొచ్చా? లిఫ్టు లేదు, స్టాండ్ల మీదే పని.

జవాబు: ముందే విప్పండి. అల్యూమినియం బాడీతో, చైన్‌తో నడిచే ట్రాన్స్‌ఫర్ కేసే 30 నుంచి 45 కిలోల దాకా తూగుతుంది, పోత ఇనుముదైతే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా గేర్‌బాక్స్ చివర, అదీ ఒక పక్కకు వాలి ఉంటుంది. మామూలు జాకీ మీద రెండూ కలిపి దింపితే ఒరిగిపోతాయి. ఎక్కించేటప్పుడు మరీ కష్టం: చివర కిందికి లాగుతుంటే గేర్‌బాక్స్ ముందుకు పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్టు కొత్త క్లచ్ ప్లేటు హబ్బు (మధ్య భాగం) మీద వేలాడి ప్లేటును వంచుతుంది. ఇక పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ సరిగా విడవదు, గేరు గరగరమంటుంది. లిఫ్టూ, బెల్టుతో కట్టే గేర్‌బాక్స్ జాకీ ఉన్నవాళ్లు మాత్రం కలిపే దింపుకోవచ్చు, మధ్యలో జాయింటు కదలకుండా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా ఛాసిస్‌కు బిగించి, మధ్యలో పొట్టి షాఫ్టుతో కలిపిన బండి అయితే దాని జోలికే పోవద్దు. ఆ షాఫ్టు తీస్తే చాలు.

మొదట చక్రాలకు అడ్డు పెట్టండి. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (చక్రాల వైపు శక్తిని మోసుకెళ్లే పొడవాటి గొట్టం) ఊడగానే గేరులో పెట్టినా బండి ఆగదు. హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉండే బండ్లలో అదీ పనిచేయదు. బ్యాటరీ నెగెటివ్ తీసి, క్యాబిన్ లోపల్నుంచి లివర్లు విప్పండి. ఆయిల్ వదిలే ముందు నింపే ప్లగ్గు కదులుతుందో లేదో చూడండి. అది పట్టేసి ఉంటే, కింద ప్లగ్గు తీసేశాక మళ్లీ నింపే దారి ఉండదు.

ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టుల ఫ్లాంజిల (బోల్టులతో బిగించే చివరి బిళ్లల) మీదా పంచ్‌తో గుర్తు కొట్టండి. ఫ్లాంజి లేకుండా క్రాస్ (కూడలి ఆకారపు జాయింటు ముక్క) నేరుగా యోక్‌లో (దాన్ని పట్టే కొమ్ముల్లో) కూర్చునే రకమైతే, విప్పగానే దాని కప్పులకు టేపు చుట్టాలి. కప్పు జారితే లోపలి సూది రోలర్లు రాలిపోతాయి. స్పీడోమీటర్ కేబుల్ లేదా సెన్సార్, ఫోర్‌వీల్ స్విచ్చి వైరు, బ్రీదర్ గొట్టం (లోపలి గాలి బయటికి పోయేది), లివరు లింకేజి విడదీసి, గేర్‌బాక్స్ కింద ఆధారం పెట్టాకే క్రాస్‌మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా ఉండి గేర్‌బాక్స్‌ను మోసే కమ్మీ) విప్పండి. అప్పుడు ఇంజను వెనక్కి వాలుతుంది కాబట్టి దాని కిందా చెక్కముక్కతో జాకీ ఉండాలి. ఫ్యాను రేడియేటర్ కవరుకు తగలకుండా, హోసులు లాగుకోకుండా చూస్తూ కొద్దిగా కిందికి వంచితే పై బోల్టులకు స్పానర్ అందుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేసు కింద జాకీ పెట్టి, ఎదురెదురుగా రెండు బోల్టులు ఉంచి మిగతావి తీయండి. ఆ రెండింటినీ ఒక్కొక్కటిగా తీసి వాటి చోట తలలేని పొడవు బోల్టులు పెడితే కేసు వాటి మీద నిటారుగా వెనక్కి జారుతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పకండి, అల్యూమినియం అంచుకు గాటు పడితే అక్కడే కారుతుంది. జాయింటు దగ్గర రబ్బరు సుత్తితో తడితే చాలు.

ప్రశ్న: కొత్త క్లచ్ వేశాం. గేర్‌బాక్స్ ఇంజనుకు ఒక సెంటీమీటరు దూరంలో ఆగిపోయింది. బోల్టులతో బిగించి లాగొచ్చా?

జవాబు: వద్దు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ ముందు భాగం) చెవి విరగడమో, ప్లేటు హబ్బు వంగడమో ఖాయం. గేర్‌బాక్స్‌ను టాప్ గేరులో పెట్టి దాని వెనక నుంచి వచ్చే షాఫ్టును చేత్తో తిప్పుతూ నెట్టి చూడండి, స్ప్లైన్లు (షాఫ్టు మీది నిలువు పళ్లు) కలవకపోతే అప్పుడు కలుస్తాయి. అయినా రాకపోతే ప్లేటు మధ్యకు కూర్చోలేదు: ప్రెషర్ ప్లేటు వదులు చేసి, అలైన్‌మెంట్ టూలుతో మళ్లీ సరిచేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ప్లేటు తిరగేసి వేశారేమో చూడండి, ఫ్లైవీల్ వైపు ఏదో సాధారణంగా దాని మీదే రాసి ఉంటుంది. పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్టు కొన ఆనేది), డోవెల్ పిన్లు (ఇంజనును, గేర్‌బాక్స్‌ను వరసలో నిలిపేవి), మధ్యలో నలిగిన వైరు కూడా చూడాలి. ట్రాన్స్‌ఫర్ కేసు కలవకపోతే దాని లివర్ హై రేంజిలో (మామూలు వేగపు స్థానంలో) ఉంచి వెనక ఫ్లాంజి తిప్పండి. న్యూట్రల్‌లో ఉంటే ఎంత తిప్పినా ఇన్‌పుట్ కదలదు.

ప్రశ్న: క్లచ్ పని అయ్యాక వేగం పెరిగితే బండి నేల వణుకుతోంది. క్లచ్ లోపమా?

జవాబు: బండి న్యూట్రల్‌లో నిలిపి, అదే వేగంలో ఇంజను ఎంత తిరిగేదో అంతకు యాక్సిలరేటర్ నొక్కి చూడండి. వణుకు లేకపోతే క్లచ్ కాదు, ప్రొపెల్లర్ షాఫ్టు. పాత గుర్తుల మీద కూర్చోలేదు, లేదా స్లిప్ యోక్ (షాఫ్టు జారే చివర) ఒక స్ప్లైను అటో ఇటో పడి రెండు చివర్ల యోకులు ఒకే గీత మీద లేవు. గుర్తు కొట్టకుండా విప్పారా? ఫ్లాంజిని 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడండి.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ కేసు ఖాళీ, గేర్‌బాక్స్ ప్లగ్గు విప్పితే ఆయిల్ పొంగింది. బయట ఎక్కడా కారలేదు.

జవాబు: రెంటికీ మధ్య ఉన్న ఆయిల్ సీలు పోయింది. ట్రాన్స్‌ఫర్ కేసు ఎలాగూ దింపుతున్నప్పుడు ఆ సీలు, జాయింటు గ్యాస్కెట్ మార్చకుండా తిరిగి బిగించడం దండగ పని. షాఫ్టు మీద సీలు ఆనే చోట గాడి పడిందేమో గోరుతో తడిమి చూడండి, పడితే కొత్త సీలూ నిలవదు. బ్రీదర్ మూసుకుపోయినా లోపలి ఒత్తిడికి ఆయిల్ సీలు దాటుతుంది, కాబట్టి గొట్టం ఊది చూడండి. రెండింట్లోనూ ఆయిల్ పూర్తిగా వదిలేయాలి. చైన్ రకాల్లో చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), కొన్నింటికి 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పడుతుంది. ఏదన్నది మాన్యువల్ చూసి, బండి సమంగా నిలబెట్టి, నింపే రంధ్రం అంచు నుంచి కారేదాకా పోయండి.