వారమంతా ఆ పిల్లలకే... నా పరుగు ఏమవుతుంది?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. 800 మీటర్లు పరిగెడతాను. మంగళ, శుక్రవారాలు గట్టి ప్రాక్టీస్, ఆదివారం సాయంత్రం లాంగ్ రన్. ఏడాదిగా పిల్లలకు ఆటలు నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థలో వలంటీర్‌గా ఉన్నాను. వారానికి ఒక పూటతో మొదలుపెట్టాను. ఇప్పుడు శని, ఆదివారాలు మూడేసి గంటలు, బుధవారం రెండు గంటలు అయింది. 30 మంది పిల్లల్ని ఒక్కదాన్నే చూసుకునే రోజులూ ఉన్నాయి. టైమింగ్ మెరుగుపడటం ఆగిపోయింది. మూడు వారాలుగా మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి. నాన్న ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అని రోజూ ఎత్తిపొడుస్తున్నారు. మానేద్దామంటే పదకొండేళ్ల బాబు ఒకడు రాత్రి పదింటికి ఫోన్ చేసి ‘అక్కా, నువ్వు రాకపోతే నేనూ రాను’ అంటాడు. ఎవరికీ కాదని చెప్పలేకపోతున్నాను.

జవాబు: ముందు కాలి సంగతి. వేలితో చూపించగలిగేంత ఒక్కచోటే నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే పొడిచినట్టున్నా, రాత్రి పడుకున్నప్పుడూ సలుపుతున్నా అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. పరుగు ఆపి ఈ వారమే స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక మిగతాది. ఆ ఎనిమిది గంటల్ని మీరు ప్రాక్టీస్ డైరీలో రాస్తున్నారా? బహుశా రాసి ఉండరు. కోచ్‌లు వాడే తేలిక లెక్క ఒకటుంది: పనిచేసిన నిమిషాల్ని, ఆ పని ఎంత కష్టంగా అనిపించిందో 10కి వేసుకున్న మార్కుతో గుణించడం. గంటసేపు టెంపో రన్‌కి (ఆగకుండా ఒకే గట్టి వేగంతో చేసే పరుగు) 7 మార్కులు వేస్తే 420. పిల్లల వెంట తిరగడం మీకు 3 మార్కుల పనే అనుకుందాం. శనివారం 540, ఆదివారం 540, బుధవారం 360, మొత్తం 1440. అంటే వారానికి మూడు టెంపో రన్‌లకు మించిన భారం, అదీ వేగం పెంచని భారం! ఈ లెక్క గాయాన్ని ముందే చెప్పే జాతకం కాదు. కానీ విశ్రాంతి అనుకున్న రోజులు ఎక్కడికి పోయాయో చూపిస్తుంది.

బుధవారం పూర్తిగా వదిలేయండి, అది మంగళవారం అలసట తీరాల్సిన రోజు. ఆదివారం కూడా వద్దు. గంటల తరబడి నిలబడి అరిచాక చేసే లాంగ్ రన్‌లో కాళ్లు మొదటి కిలోమీటరుకే మొరాయిస్తాయి. శనివారం గంటన్నర చాలు. అక్కడ కూడా స్టార్ట్ ఎలా తీసుకోవాలో మీరే పరిగెత్తి చూపించకండి. గంట నిలబడి చల్లబడిన కాళ్లతో ఒక్కసారిగా స్ప్రింట్ చేస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది. వార్మప్ అయిన ఒక పిల్లతో చేయించి, మీరు పక్కనుండి సరిదిద్దండి. వాళ్లు నేర్చుకునేదీ అలాగే.

గంటలు తగ్గిస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టవుతుందని అనిపిస్తుంది. వారానికి ఎనిమిది గంటలిచ్చి, గాయమై ఒకరోజు చెప్పకుండా మాయమయ్యే అక్క కంటే, గంటన్నరే అయినా ఏడాది పొడవునా వచ్చే అక్క వాళ్లకు మేలు. నార్వే స్కేటర్ యోహాన్ ఓలావ్ కోస్ 1994 లిల్లేహామర్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచి, 1500 మీటర్ల గెలుపుకొచ్చిన బోనస్‌ను పిల్లలకు సాయం చేసే ఒలింపిక్ ఎయిడ్‌కి ఇచ్చేశాడు. సంస్థను నడిపే పెద్ద పని మాత్రం పోటీల నుంచి తప్పుకున్నాకే పెట్టుకున్నాడు. మీ ముందూ ఆ కాలం ఉంది.

కోఆర్డినేటర్‌కి ఫోన్‌లో చెప్పకండి, మొహమాటంలో పడిపోతారు. రాసి పంపండి: ‘వచ్చే నెల ఒకటో తేదీ నుంచి శనివారం ఉదయం 7 నుంచి 8:30 వరకు వస్తాను. పెద్ద పోటీకి ముందు ఆరు వారాలు రాలేను, ఆ తేదీలు ఇవీ. నా బదులు వచ్చేవాళ్లతో కలిసి రెండు శనివారాలు చేస్తాను.’ కారణాల చిట్టా అక్కర్లేదు. ఎన్ని కారణాలు చెబితే అన్ని బేరాలొస్తాయి. ‘మీరు తప్ప ఎవరూ లేరు’ అంటే, అది సంస్థ తీర్చుకోవాల్సిన మనుషుల కొరత. 30 మందికి ఒక్కరే ఉండటం అసలు ప్రమాదం. బ్రిటన్‌లో పిల్లల రక్షణకు పనిచేసే ఎన్‌ఎస్‌పీసీసీ 9 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో ఎనిమిది మందికి ఒక పెద్ద ఉండాలని, గుంపు చిన్నదైనా ఇద్దరు పెద్దలు ఉండాలని సూచిస్తుంది. ఒక పిల్లాడికి కాలు మడతపడి మీరు అటు వెళ్తే, మిగతా 29 మందిని చూసేదెవరు? రెండో మనిషి లేని రోజు సెషన్ జరగదని ఆ ఉత్తరంలోనే రాసేయండి.

అన్నిటికంటే సున్నితమైంది ఆ బాబు విషయం. వాడి ప్రేమ నిజమే, మీ ఆప్యాయతా నిజమే. అయినా పిల్లాడికీ వలంటీర్‌కీ మధ్య పెద్దలెవరికీ తెలియని రాత్రి ఫోన్లు ఉండకూడదు. అది వాడికి రక్ష, మీకూ రక్ష. రేపే కోఆర్డినేటర్‌కి, సంస్థలో పిల్లల రక్షణ చూసేవాళ్లకి చెప్పండి. నంబర్ బ్లాక్ చేసి ఊరుకుంటే వాడు తనదే తప్పనుకుంటాడు. శనివారం అందరూ కనిపించేంత దూరంలో కూర్చోబెట్టి ఇలా చెప్పండి: ‘నువ్వు ఫోన్ చేయడం తప్పేం కాదు. కానీ నేను ఇక్కడ అందరికీ అక్కని, రాత్రి ఫోన్లో మాట్లాడను. శనివారం ఏడింటికి ఇక్కడే ఉంటాను. నేను రాని రోజు ముందే చెబుతాను.’ కొత్తగా వచ్చేవాళ్లని వాడికి మీరే పరిచయం చేయండి. కోన్లు సర్దడమో, టైమ్ రాయడమో వాడికి అప్పగిస్తే మీ కోసమే కాక ఆ పని కోసమూ వస్తాడు.

రాత్రి పదింటికి పదకొండేళ్లవాడు ఎందుకు మేలుకుని ఉన్నాడన్నది వేరే ప్రశ్న. ఇంట్లో కొడుతున్నారనో, భయంగా ఉందనో చెబితే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. గుచ్చిగుచ్చి అడగకండి. వినండి, వాడి మాటల్లోనే తేదీతో రాసుకుని ఆ రోజే రక్షణ బాధ్యులకు ఇవ్వండి. ఇంటివాళ్లను మీరు నిలదీయడం మాత్రం వద్దు, దాని ఫలితం వాడి వీపు మీద పడొచ్చు.

మీ నాన్నగారి సామెత గుచ్చుకుంటుంది కానీ, అందులో సగం న్యాయం ఉంది. ఆయనకు కనబడుతోంది కుంటుతూ ఇంటికొచ్చే కూతురు. సేవ గొప్పదని వాదించకండి. 1440 లెక్క ఉన్న కాగితం, శనివారం గంటన్నరే మిగిలిన కొత్త పట్టిక రెండూ ఆయన ముందు పెట్టండి. నాలుగు వారాల తర్వాత టైమింగ్, కాలి నొప్పి రెండూ కలిసి చూద్దామని తేదీ వేయండి. అప్పటిదాకా ఈ మాట ఎత్తొద్దని అడగండి. ఆ తేదీన కాగితం మీరే తీయాలి, ఆయన గుర్తుచేసేదాకా ఆగకండి.