డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్ట్ ఎందుకు నడవదు?

ప్రశ్న: పొందూరులో మాది ఖద్దరు దుకాణం. రోజూ బిల్లుల ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడానికి మా అబ్బాయి ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్)లో చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాడు. డబుల్ క్లిక్ చేస్తే నడవడం లేదు, లోపలి అక్షరాలు తెరుచుకుంటున్నాయి. పాడైందేమోనని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: పాడవలేదండీ, కంగారు పడకండి. స్క్రిప్ట్ అంటే ఆదేశాలు రాసిన మామూలు టెక్స్ట్ ఫైలే. చదవాలా, నడపాలా అన్నది ఫైల్ మేనేజర్‌కు (ఫోల్డర్లు, ఫైళ్లు చూపించే ప్రోగ్రామ్‌కు) తెలియదు. ఉబుంటులోని ఫైల్ మేనేజర్ ‘ఫైల్స్’ దాన్ని చదవడానికే తెరుస్తుంది. ముందుగా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రోగ్రామ్‌గా నడిచే అనుమతి ఇవ్వండి. తర్వాత మళ్లీ రైట్ క్లిక్ చేస్తే ‘రన్ యాజ్ ఎ ప్రోగ్రామ్’ కనిపిస్తుంది. ఉబుంటు లాంటిదే అయిన లినక్స్ మింట్‌లోని ఫైల్ మేనేజర్ నెమో అయితే నడపాలా, చూపించాలా అని అడుగుతుంది.

అడగకుండా నడిపే సెట్టింగ్ కొన్ని ఫైల్ మేనేజర్లలో ఉంది. దయచేసి దాని జోలికి వెళ్లకండి. ఎవరో పంపిన స్క్రిప్ట్‌లో ఏముందో చూద్దామని ఒకసారి నొక్కాను. అది నడిచిపోయి, మా ఇంటి ఫొటోల ఫోల్డర్ ఖాళీ అయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీవి బిల్లులు కదా, రోజూ ఆ ఒక్క క్లిక్ ఎక్కువైనా ఫర్వాలేదు.