చూపు తేలగానే ఇంజక్షన్లు ఆపొద్దు

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్లు. బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోడు. పొద్దున లేచేసరికి కుడికంట్లో మబ్బు కమ్మినట్టయింది, అక్షరాలు వంకరగా కనబడ్డాయి. నొప్పి లేదు. శుక్లమేమో అనుకుని కొన్నాళ్లు ఊరుకున్నాం. కంటి వెనక వెలుగును పట్టే పొర రెటీనాలో సిర మూసుకుపోయి నీరు చేరిందని డాక్టరు ఇంజక్షన్ వేశారు. చూపు తేలింది. నెలనెలా ఇంకా వేయాలంటున్నారు. ఇక్కడితో ఆపొచ్చా? అద్దాలు మారిస్తే చాలదా?
– ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: ఆపకండమ్మా. ఇంజక్షన్ వాపును తీస్తుందే గానీ మూసుకున్న సిరను తెరవదు. రెటీనాలో ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట రెండింటికీ పైపొర ఒకటే. ఏళ్ల తరబడి బీపీతో ధమని గట్టిపడితే పక్కనున్న మెత్తటి సిర నలిగి, అక్కడ రక్తం గడ్డకడుతుంది. ముందుకు పోలేని రక్తం, నీరు బయటికి ఊరి మాక్యులాలో చేరతాయి. చదవడానికీ మనుషుల్ని గుర్తుపట్టడానికీ ఆధారం రెటీనా నడిమధ్యనున్న ఆ చోటే. అదే ఉబ్బిపోయినప్పుడు అద్దాలు ఏమీ చేయలేవు.

రక్తం అందని రెటీనా నుంచి వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఎక్కువగా విడుదలవుతుంది. నాళాలు కారేది ముఖ్యంగా దానివల్లే. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ అనే ఇంజక్షన్ మందులు దాన్ని అడ్డుకుంటాయి. మందు బలం సుమారు నెల. అందుకే మొదట్లో నెలనెలా వేసి, తర్వాత రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో వాపు చూసి ఎడం పెంచుతారు. చూపు బాగుందనిపించినా స్కాన్‌లో నీరు కనబడొచ్చు. వాపు నెలల తరబడి నిలిచిపోతే వెలుగును పట్టే కణాలు చచ్చిపోతాయి. ఆ చూపు ఇక ఏ మందుకూ తిరిగిరాదు. నాకు భయం అక్కడే.

ఖర్చు భారమైతే మానేయకుండా డాక్టరుతో ఆ మాటే చెప్పండి. బెవాసిజుమాబ్ మిగతా రెండింటికన్నా చాలా చవక. కంట్లో పెట్టే స్టెరాయిడ్ ఇంప్లాంట్ కొన్ని నెలలు పనిచేస్తుంది గానీ కంటి ఒత్తిడినీ శుక్లాన్నీ పెంచవచ్చు.

మూసుకున్నది కొమ్మ సిరా, ప్రధాన సిరా అని తప్పక అడగండి. ప్రధాన సిర అయితే తొలి నెలల్లో కంటిపాప అంచున కొత్త నాళాలు మొలిచి ఒత్తిడి విపరీతంగా పెరగొచ్చు. అప్పుడు లేజర్ కావాలి. ఒక్క వాయిదా కూడా తప్పకూడదు.

బీపీ మాత్ర రోజూ పడాలి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి, ఎందుకంటే రెండో కంటికీ ఇదే ముప్పు ఉంది. రోజూ ఒక్కో కన్ను మూసి కిటికీ ఊచలు చూడమనండి. వంకర కనబడితే మర్నాటికి వాయిదా వేయొద్దు.

ప్రశ్న: అమ్మకు కంట్లో ఇంజక్షన్ వేశాక తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ వచ్చింది. ప్రమాదమా?
– గుంతకల్లు పాఠకుడు

జవాబు: నొప్పి లేని మచ్చ అయితే సూది గుచ్చిన చోట చిమ్మిన రక్తం, రెండు వారాల్లోపు పోతుంది. కొన్ని రోజులు కన్ను నలపకూడదు, కంట్లోకి నీళ్లు పోనివ్వకూడదు. వారం లోపు నొప్పి పెరుగుతూ, చూపు తగ్గుతూ, వెలుగు చూడలేకపోతే మాత్రం లోపల ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. మందుల షాపులో చుక్కలు కొని వేయకుండా అదే రోజు ఇంజక్షన్ వేసిన చోటికి, కుదరకపోతే కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.