బోరు నీళ్లను బాగుచేసే ఇంజనీరు కావాలంటే

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మా వార్డుకు వారంలో సగం రోజులు మున్సిపాలిటీ బోరు నీళ్లే వస్తాయి. ఫ్లోరైడ్ ఉందని తాగడానికి క్యాన్లు కొంటాం. ఇలాంటి బోర్ల నీళ్లు శుద్ధిచేసే ప్లాంట్లు డిజైన్ చేసే ఇంజనీరునవుతానని పాప పట్టుబట్టింది. బంధువులంతా కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటున్నారు. దీనికి ఏం చదవాలి? ఉద్యోగం దొరుకుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ చివరి ప్రశ్నే ముందు తీసుకుంటాను. ఉద్యోగం దొరుకుతుంది. కానీ క్యాంపస్ నుంచి నేరుగా పెద్ద జీతం వస్తుందని లెక్కలు వేసుకోకండి. మొదటి నాలుగైదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకంటే తక్కువే తెచ్చుకుంటుంది. ఆ సంగతి పాపకు ఇప్పుడే చెప్పండి. విన్నాక కూడా ఇదే కావాలంటే మాత్రం అడ్డుపడకండి.

ఇక ఆ పని గురించి. చాలామంది పిల్లలు ఈ ఇంజనీరంటే కొత్త ఫిల్టరు కనిపెట్టే మనిషి అనుకుంటారు. ఫిల్టర్లకు కొదవ లేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తెచ్చి దాదాపు యాభై ఏళ్లయింది. నల్గొండ పద్ధతి అని మన తెలుగు ఊరి పేరే పెట్టారు. ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలున్నాయి, ఆర్వో ఉంది. లేనిదల్లా, పెట్టిన ప్లాంటు పదేళ్లు ఆగకుండా నడిచేలా ముందే ఆలోచించే మనుషులు.

కొన్నేళ్ల కిందట సీమలోనే ఒక ప్లాంటు చూశాను. షెడ్డు బాగానే ఉంది, తాళం కూడా వేసి ఉంది. లోపల ట్యాంకులో అల్యూమినా గుళికలు గట్టిపడి సిమెంటు పెళ్లలా అయిపోయాయి. పక్కనే ఒక కొత్త పైపు. బోరు నుంచి నేరుగా పై ట్యాంకుకు కలిపేశారు. ఆపరేటరును అడిగితే, "గుళికలు కడగడానికి కాస్టిక్ సోడా కావాలని రాసి రాసి విసిగిపోయినా సార్. నీళ్లు ఆపితే ఆడోళ్లు బిందెలు పట్టుకుని నా మీదికొస్తారు" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేకపోయాను. ఆ సోడా ఎక్కడ కొనాలి, ఎవరు కొనాలి, కడిగిన మురికి నీళ్లు ఎక్కడ పోయాలి అన్నది కాగితం మీదే తేలిపోవాల్సిన సంగతి. ఎవరూ తేల్చలేదు.

ఇందులో లెక్క ఎంత ముఖ్యమో పాపతోనే వేయించి చూడండి. రోజుకు 10 లక్షల లీటర్లు ఇచ్చే బోర్లున్నాయి. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరే లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. 3 నుంచి 1కి తేవాలంటే రోజూ నీళ్లలోంచి 2 కిలోల ఫ్లోరైడ్ తీయాలి. వినడానికి చిన్నదే. కిలో అల్యూమినా ఒక గ్రాము పట్టుకుంటుందనుకుంటే, రోజుకు 2,000 కిలోల గుళికలు నిండిపోతాయి! నెలకొకసారి కడిగితే చాలనుకుంటే 60 టన్నులు నింపాలి. ఆర్వో పెడదామా అంటే, వంద లీటర్లలో నలభై రిజెక్ట్‌గా పోతాయనుకోండి. 10 లక్షల లీటర్ల మంచినీళ్లకు ఆరున్నర లక్షలకు పైగా ఉప్పునీళ్లు మిగులుతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాలో అన్ని నీళ్లు పారబోయడమే బాధ. అవి వంకలో కలిసి ఇంకో రైతు బోరులోకి దిగితే అంతకన్నా ఘోరం.

అందుకే మంచి డిజైనరు ఏ మిషను కొనాలని మొదలుపెట్టదు. అసలు శుద్ధి చేయాల్సిన అవసరం ఉందా అని అడుగుతుంది. 3 మిల్లీగ్రాముల బోరు నీళ్లు ఒక వంతు, 0.6 ఉన్న రిజర్వాయరు నీళ్లు మూడు వంతులు సంప్‌లో కలిపితే 1.2 వస్తుంది. ఒక వాల్వు, ఒక మీటరుతో గండం చాలావరకు గట్టెక్కుతుంది. మరీ చెడ్డ బోరును మూసేయడం కూడా డిజైనే. ఇవేవీ కుదరనప్పుడే ప్లాంటు.

దీనికి రాళ్ల గురించి కూడా తెలియాలి. అనంతపురం కింద ఉన్నది చాలావరకు గ్రానైటు జాతి రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం తక్కువై బైకార్బొనేటు ఎక్కువైతే ఇంకా కరుగుతుంది. కడప, కర్నూలు వైపు సున్నపురాయి, పలకరాయి వస్తాయి, అక్కడి నీళ్ల గుణం వేరు. రాతి పగుళ్లలోంచి వచ్చే నీరు కాబట్టి పక్కపక్క వీధుల బోర్లు కూడా ఒకలా ఉండవు. నైట్రేటుది మరో కథ. అది ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలు, ఎరువుల నుంచి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఏ సడలింపూ లేదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ప్లాంటు కన్నా ముందు మురుగు సంగతి చూడాలి.

చదువు విషయానికొస్తే, ఏపీ ఈఏపీసెట్‌లో సివిల్ పెట్టించండి. ఎన్విరాన్‌మెంటల్ బీటెక్ అంటూ దూరాలు వెతకొద్దు. సివిల్ డిగ్రీతో అన్ని తలుపులూ తెరిచి ఉంటాయి. అనంతపురంలోనే జేఎన్‌టీయూ ఉంది, కర్నూలు, కడపల్లోనూ కాలేజీలున్నాయి. సివిల్‌లో చేరాక కెమిస్ట్రీని వదిలేయడం మన పిల్లలు చేసే పెద్ద పొరపాటు. ఈ పనిలో సగం కెమిస్ట్రీయే. తర్వాత గేట్ రాయాలి. సివిల్ పేపరుతో పాటు 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపరు కూడా ఉంది. ఐఐటీ మద్రాస్, బాంబే, ఖరగ్‌పూర్‌లలో పర్యావరణ ఇంజనీరింగ్, రూర్కీలో హైడ్రాలజీ చదవొచ్చు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే స్టైపెండు వస్తుంది కాబట్టి మీ మీద భారం తగ్గుతుంది.

పనులు మున్సిపల్ ఇంజనీరింగ్ శాఖల్లో, గ్రామీణ నీటి సరఫరాలో, డీపీఆర్‌లు (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదికలు) రాసే కన్సల్టెన్సీల్లో, ప్లాంట్లు కట్టే కంపెనీల్లో ఉంటాయి. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ కోసమే కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. కన్సల్టెన్సీలో చేరి, పని చేస్తూనే రాయమనండి.

విదేశాల మాట వస్తే, ఈ పని అక్కడ ఇంకో రూపంలో ఉంది. లాస్ ఏంజిలస్‌లోని శాన్ ఫెర్నాండో లోయలో 1980 ప్రాంతంలో మున్సిపల్ బావుల్లో టీసీఈ బయటపడింది. లోహపు భాగాల జిడ్డు వదలగొట్టడానికి ఫ్యాక్టరీలు వాడిన ద్రావకం అది. టవర్ పైనుంచి నీళ్లు జారుస్తూ కింద నుంచి గాలి పంపితే అది ఆవిరై వదులుతుంది. ఆ గాలిని మళ్లీ కార్బన్‌తో శుభ్రం చేస్తారు.

సీటు వచ్చేదాకా పాప ఖాళీగా ఉండక్కర్లేదు. మీ వార్డు బోరు నీళ్లు పరీక్ష చేయించమనండి. మోటారు వేయగానే సీసా పట్టకూడదు, పైపులో నిలిచిన నీళ్లు పోయేదాకా వదలాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాయే వాడాలి. దాని మీద తేదీ, టైము, బోరు ఎక్కడుందో రాయాలి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పట్టాలి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, అంకెలు ఎందుకు మారాయో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ నాకు పంపండి, కూర్చుని మాట్లాడుకుందాం.