‘కనీసం ప్రొఫెసరయినా’ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఆరో ఏట నుంచి పియానో నేర్చుకుంటోంది. జూనియర్ పోటీల్లో రెండు బహుమతులు వచ్చాయి. ఇప్పుడు రోజుకు ఐదు గంటలు సాధన చేస్తున్నాం. నేను పక్కనే కూర్చుని గంటలు నోట్‌బుక్కులో రాసి పెడుతున్నాను. అంతర్జాతీయ స్థాయి కచేరీ పియానిస్టు కావాలన్నది లక్ష్యం. అది కుదరకపోతే కనీసం మ్యూజిక్ ప్రొఫెసరయినా కాగలదా? ఈ రెండింటిలో ఏది మేలు? ముందుగా ఏ పోటీకి పంపితే బాగుంటుంది? ఈ మధ్య కుడి మణికట్టు నొప్పిగా ఉందంటోంది. సాధన పెరిగితే అది మామూలేనని టీచరు అన్నారు. – ఒక తండ్రి

జవాబు: మీరు అన్నిటికంటే చివర రాసిన సంగతికి ముందు జవాబు చెబుతాను. అది మామూలు కాదు. గంటల తరబడి వాయిస్తే భుజాలు బరువెక్కుతాయి, వేళ్లు అలుస్తాయి, రాత్రి నిద్రపోతే తగ్గిపోతాయి. ఒకేచోట పట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చే నొప్పి వేరు. పోటీల సంగతి ఆనక చూసుకోవచ్చు. ఈ వారమే చేతుల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, ఆయన సరేననేదాకా పియానో మూత వేసి ఉంచండి. టీచరు మాట కాదన్నట్టవుతుందని మొహమాటపడకండి.

లియోన్ ఫ్లైషర్ పేరు మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచిన అమెరికన్ పియానిస్టు. పన్నెండేళ్లు ప్రపంచమంతా తిరిగి వాయించాడు. 1964లో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్లు మాట వినడం మానేశాయి, లోపలికి ముడుచుకుపోయాయి. డిస్టోనియా అంటారు దాన్ని. తర్వాత మూడు దశాబ్దాలు ఎడమచేతి కోసం రాసిన రచనలే ఆయనకు ఆధారమయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే పియానిస్టు కోసం ఫ్రెంచి స్వరకర్త రావెల్ రాసిన కన్సర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన, వాటిలో ఒకటి. మీ అమ్మాయికి వచ్చింది అదేనని నేను అనడం లేదు, నన్ను తిట్టుకోకండి. చేతుల మీద బతికేవాళ్లు చేతుల్ని ఎంత గౌరవంగా చూసుకోవాలో చెప్పడానికి ఆయన్ను తలచుకున్నాను.

ఆయన కథలో మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత విద్యాలయంలో ఆయన పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది 1959లో. అంటే చెయ్యి పాడవకముందు, పేరు వెలిగిపోతున్న రోజుల్లోనే. కచేరీలు పోయాయి కాబట్టి గతిలేక పాఠాలు చెప్పుకున్నాడనడానికి వీల్లేదు. తొంభై దాటేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఇక మీ ‘కనీసం’ గురించి. ఈ మాట నాకు వచ్చే ఉత్తరాల్లో కనిపిస్తూనే ఉంటుంది. కొందరు ‘పోనీ’ అంటారు, కొందరు ‘ఏమీ కాకపోతే’ అంటారు. పైన వేదిక, దాని కింద తరగతి గది అని పెద్దలు మనసులో ఒక నిచ్చెన వేసుకుంటారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం నాకు తెలుసు. ఇంత డబ్బు, ఇన్నేళ్లు, పిల్ల బాల్యమంతా పెట్టాక, చివరికి ఎవరికీ తెలియని పియానో టీచరుగా మిగిలిపోతే నలుగురికీ ఏం చెప్పుకోవాలి? ఆ భయం సహజమే. కానీ దాన్ని పిల్ల చెవిన పడనిచ్చారంటే మాత్రం పొరపాటు మీదే. ఆమెకు ఇన్నేళ్లుగా సంగీతం నేర్పింది ఒక టీచరే. ఆ వృత్తి ఓడిపోయినవాళ్లదని మీరు ఇంట్లో రోజూ చెబుతూ, వారానికోసారి ఆమెను అక్కడికే పంపుతున్నారు.

మీ రెండు దారులకూ మధ్య గోడ లేదన్నది ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. బీతోవెన్ దగ్గర చెర్నీ నేర్చుకున్నాడు, చెర్నీ దగ్గర ఫ్రాంజ్ లిస్ట్ నేర్చుకున్నాడు, లిస్ట్ కచేరీలు వదిలేసి జర్మనీలోని వైమార్‌లో శిష్యుల్ని కూర్చోబెట్టుకున్నాడు. అమెరికన్ పియానిస్టు గ్యారీ గ్రాఫ్‌మన్ కుడిచేయి సహకరించక ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో బోధనకు వచ్చాడు, తర్వాత ఇరవై ఏళ్లు దాన్ని నడిపాడు. లాంగ్ లాంగ్, యూజా వాంగ్ అనే ప్రసిద్ధ పియానిస్టులు ఆయన గదిలోంచే బయటికి వచ్చారు. ఇగోర్ లెవిట్ నేటి పెద్ద పేర్లలో ఒకడు, హనోవర్‌లో తాను చదువుకున్న చోటే ఇప్పుడు ప్రొఫెసరు.

అయితే ఒక మాట సూటిగా చెప్పాలి. ప్రొఫెసరు ఉద్యోగం ఓడినవాళ్లకు ఇచ్చే ఓదార్పు బహుమతి కాదు కాబట్టి, అది దొరకడం కూడా తేలిక కాదు. అమెరికాలో చాలాచోట్ల డాక్టరేట్ అడుగుతారు. జర్మనీలో డిగ్రీ కంటే వాయిద్యంలో సంపాదించుకున్న పేరు చూస్తారు. ఎక్కడైనా కచేరీ చేసి చూపించాలి, ఎంపిక సంఘం ఎదుట ముక్కూ ముఖం తెలియని విద్యార్థికి అప్పటికప్పుడు పాఠం చెప్పాలి. పూర్తికాలపు కుర్చీలో కూర్చున్నవారు రిటైరయ్యేదాకా లేవరు. ఒక్క ఖాళీకి పెద్ద పియానిస్టులే బారులు తీరతారు. గంటల లెక్కన జీతమిచ్చే తాత్కాలిక బోధనలో ఏళ్లు గడిపేవారు ఎంతోమంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరనుంచి చూశాను. గదిలో రెండు పెద్ద పియానోలు, పక్కపక్కనే. విద్యార్థి షూబర్ట్ సొనాటా మొదలుపెట్టాడు, నా చెవికి బాగానే ఉంది. ఎనిమిదో బారు (నొటేషన్‌లో తాళం కొలిచే చిన్న గడి) దగ్గర ప్రొఫెసరు చెయ్యి ఎత్తారు. తన పియానో మూత మూసేశారు, అంటే నేను వాయించి చూపించను అని. “ఎడమచేతి స్వరాలు మాత్రం పాడు” అన్నారు. ఆ అబ్బాయి పాడలేకపోయాడు. రెండేళ్లుగా వాయిస్తున్న రచనలో కింది వరస అతను ఎప్పుడూ విననే లేదు! గంట పాఠంలో నలభై నిమిషాలు అక్కడి రెండు బార్లతోనే గడిచాయి. చివర్లో అబ్బాయి మళ్లీ వాయిస్తే, వేళ్లు అవే, పియానో అదే, గది మాత్రం పెద్దదైనట్టు అనిపించింది. వేదిక మీద మెరిసేవారందరికీ ఈ విద్య రాదు. మీ అమ్మాయికి వస్తుందో రాదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఒక చిన్నపిల్లకు వారానికి అరగంట నేర్పించి చూడమనండి, తనకే తెలుస్తుంది.

పోటీల సంగతికి వస్తే, నా సందేహాలు దాచుకోను. ఇప్పుడు అందరూ పట్టుకున్న దారి ఇదే. పదేళ్లకు జూనియర్ పోటీలు, పదహారుకు పెద్ద పోటీలు, మధ్యలో వీడియోలు. పోలండ్ స్వరకర్త షోపెన్ పేరిట వార్సాలో 1927 నుంచి జరుగుతున్న పోటీకి 2025లో ఆరు వందల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. ప్రధాన పోటీ దాకా వచ్చినవారు ఎనభై చిల్లర, ఫైనల్‌కు పదకొండు మంది. మొదటి బహుమతి ఒక్కరికి. ఆ ఒక్కరు ఎరిక్ లూ. ఆయన 2015లో ఇదే పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. 2018లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ పోటీ గెలిచాడు. లీడ్స్ అంటే చిన్న పోటీ కాదు, రాడు లుపు, మర్రీ పెరాయా వంటి పెద్ద పియానిస్టులు గెలిచిన పోటీ. అంతటి గెలుపు చేతిలో ఉన్నా, ఏడేళ్ల తర్వాత ఇరవై ఏడేళ్ల వయసులో మళ్లీ జ్యూరీ ముందు కూర్చున్నాడు. ఒక పతకంతో జీవితం స్థిరపడిపోతుందని మీకు ఎవరైనా చెబితే, ఈ ముక్క గుర్తుచేయండి.

గెలిచినవారికి ఏం జరుగుతుందో కూడా చూడండి. ఏడాది, రెండేళ్లు కచేరీల మీద కచేరీలు. విమానం, హోటలు, రిహార్సలు, వేదిక, మళ్లీ విమానం. వయొలిన్ వాద్యకారుడు తన వాయిద్యాన్ని భుజాన వేసుకుని వెళతాడు. పియానిస్టుకు ఆ ఊళ్లో ఏది ఉంటే అదే గతి. తొమ్మిది అడుగుల పొడవు, 480 కిలోల స్టైన్‌వే అయితే అదృష్టం. దాని మీటల బరువు, పెడల్ లోతు సాయంత్రంలోగా చేతికి అలవాటు కావాలి. వచ్చిన పారితోషికంలో ఏజెంటు వాటా, ప్రయాణాలు, ఆయా దేశాల పన్నులు పోగా మిగిలినదే సంపాదన. కొత్త రచనలు నేర్చుకునే తీరిక ఉండదు. ఇంతలో నాలుగైదేళ్లు తిరిగేసరికి తర్వాతి విజేత వచ్చేస్తారు, ఫోన్లు అటు మళ్లుతాయి.

నాకు అసలు దిగులు కలిగించేది ఇంకొకటి. పోటీ కోసం రెండేళ్లు నాలుగు రచనలే నూరుతారు. వృత్తిలో అడిగేది దానికి వ్యతిరేకం. పోర్చుగల్ పియానిస్టు మరియా జువావ్ పిరెష్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక మధ్యాహ్నపు కచేరీకి కూర్చుంటే, ఆర్కెస్ట్రా ఆమె సిద్ధం చేసుకున్న మొజార్ట్ కన్సర్టో కాకుండా వేరేది, డి మైనర్‌ది, మొదలుపెట్టింది. ఆమె ముఖం పాలిపోయింది. అయినా తన వంతు వచ్చేసరికి జ్ఞాపకం నుంచి వాయించింది. అది పోటీ తయారీతో వచ్చే బలం కాదు, ఏళ్ల తరబడి రకరకాల రచనలతో కాపురం చేస్తే వచ్చేది.

జ్యూరీల గురించి కూడా. గురువులే జ్యూరీలో ఉంటారు, శిష్యులు వేదిక మీద ఉంటారు. తమ శిష్యులకు మార్కులు వేయకూడదన్న నిబంధన పెట్టారంటేనే సమస్య ఉందని అర్థం. 1980 వార్సా పోటీలో ఇవో పోగొరెలిచ్ అనే పియానిస్టును మూడో రౌండ్‌లో తీసేస్తే, 1965 విజేత మార్తా ఆర్గెరిచ్ జ్యూరీ వదిలి వెళ్లిపోయింది. ఆ గొడవతోనే అతనికి ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ ఏడాది నిజంగా గెలిచింది ఎవరో మాత్రం చాలామందికి గుర్తుండదు. వియత్నాంకు చెందిన డాంగ్ థాయ్ సన్. ఆయన కచేరీలు చేస్తూనే బోధనలోకి వచ్చాడు. 2021లో వార్సాలో గెలిచిన బ్రూస్ లియూ ఆయన శిష్యుడు. పైన చెప్పిన ఎరిక్ లూ కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. మీ నిచ్చెనలో ఈయన్ని ఏ మెట్టు మీద కూర్చోబెడతారో చెప్పండి.

పోటీలకు అసలు పంపవద్దనడం లేదు. కొరియా కుర్రాడు యున్‌చాన్ లిమ్ 2022లో పద్దెనిమిదేళ్లకే టెక్సాస్‌లోని వాన్ క్లైబర్న్ పోటీ గెలిచాడు. అలా జరుగుతుంది, అరుదుగా. రష్యాలో పుట్టిన పియానిస్టు ఎవ్‌గెనీ కిసిన్ పెద్ద అంతర్జాతీయ పోటీలేవీ లేకుండానే పైకి వచ్చాడు. మీ అమ్మాయి ఏటా ఒక పోటీకి వెళ్లి, కొత్త వేదిక మీద వాయించి, ఇతరుల్ని విని వస్తే మంచిదే. తేదీలను బట్టి ఆమె బాల్యాన్ని అమర్చకండి.

ఏది మేలు అని అడిగారు, పోల్చి చూపిస్తాననుకున్నాను కూడా. రాయబోతే రెండు వరసలకు మించి రాలేదు. వేదికకు కావలసింది ఒంటరితనాన్ని, అనిశ్చితిని ఏళ్ల తరబడి మోయగల గుండె. తరగతి గదికి కావలసింది ఇతరుల తప్పుల మీద విసుగు లేని ఆసక్తి. రెంటికీ పదహారేళ్లకు చేయవలసిన పని ఒకటే కాబట్టి, ఎంపిక ఇప్పుడు అక్కర్లేదు. విద్యాలయం ఎంచుకునేటప్పుడు పేరు కంటే గురువును చూడండి. లిమ్ పోటీ గెలిచాక కూడా తన గురువు వెంట బోస్టన్‌కు వెళ్లాడు.

మీరు అడగని దారి ఒకటి చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మందికి ఉపాధి ఇస్తున్నది అదే. పక్కవాద్యం. గాయకులకు, వయొలిన్ వాద్యకారులకు తోడుగా వాయించేవారు, ఒపేరా శాలల్లో గాయకుల చేత సాధన చేయించేవారు ఎప్పుడూ కావాలి. నొటేషన్ చూడగానే వాయించగలగాలి, ఎదుటివారి ఊపిరి వినగలగాలి. దీన్ని చిన్నచూపు చూసేవారికి మెనాహెం ప్రెస్లర్ సంగతి చెబుతుంటాను. 1946లో డెబుస్సీ పోటీ గెలిచినవాడు. 1955లో ఇద్దరితో కలిసి బోజార్ ట్రియో పెట్టాడు, 2008 దాకా నడిపాడు. అదే 1955లో ఇండియానా విశ్వవిద్యాలయంలో చేరి అరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాడు. బెర్లిన్ ఫిల్హార్మానిక్ ఆర్కెస్ట్రాతో మొదటిసారి వాయించేనాటికి ఆయనకు తొంభై. తొంభై తొమ్మిదేళ్లు బతికాడు. పదహారేళ్లకు సమయం మించిపోతోందని కంగారుపడుతున్నారు మీరు!

కంగారు వద్దు. పదేళ్లు పియానోతో గడిపిన అమ్మాయికి, చదువుకునే బుద్ధి ఉన్న అమ్మాయికి, సంగీతంలో బతికే చోటు దొరుకుతుంది. అది మీరు గీసుకున్న బొమ్మలా ఉండకపోవచ్చు. ఆమె చెడిపోదు, మీ కష్టం వృథా కాదు.

చివరగా, “సాధన చేస్తున్నాం” అని రాశారు. పియానో ముందు కూర్చునేది ఒక్కరే. ఐదు గంటల్లో ఆమెవి ఎన్ని, మీవి ఎన్ని? రోజుకు మూడు గంటలు చాలునని షోపెన్ తన శిష్యులకు చెప్పేవాడు, అంతకుమించితే కోప్పడేవాడు. ఆ నోట్‌బుక్కు మూసేయండి, కుర్చీ పక్క గదిలోకి మార్చండి. ఆమె తప్పు స్వరం వాయించినప్పుడు మీ శ్వాస మారడం ఆమెకు వినబడుతుంది. చెయ్యి కుదుటపడ్డాక ఒక గాయకుడికో, వయొలిన్ నేర్చుకునే స్నేహితురాలికో తోడుగా వాయించనివ్వండి. అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఆ ఉత్తరం అమ్మాయే రాస్తే మరీ మంచిది. ఆమెకు ఏ రచన వాయించడం ఇష్టమో మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు.