వచ్చేది ఆయన స్నేహితులు, చూసుకోవాల్సింది మీరొక్కరేనా?

ప్రశ్న: మేడమ్, మాది ఒంగోలు. ఏడేళ్లుగా ఎడిన్‌బరాలో ఉంటున్నాం. మావారిది ఐటీ ఉద్యోగం, నేను కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తాను. పాపకి 13, బాబుకి 8. రెండు బెడ్‌రూముల ఫ్లాట్, ఒకటే బాత్రూమ్. ఏటా ఆగస్టు ఆఖర్లో మావారి ఫ్రెండ్స్ ఫ్యామిలీలతో వచ్చి వారం ఉంటారు. ఈసారి లండన్ వైపు నుంచి రెండు ఫ్యామిలీలు, ఎనిమిది మంది. అందులో ఒకాయన మావారు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో మూడు నెలలు తన గదిలో ఉంచుకుని అన్నం పెట్టారు. మావారు చాలా మంచివారు, కాదనలేరు. పోయినసారి నేను నైట్ చేసి వచ్చి వంట చేస్తుంటే పోపు పొగకి ఇంట్లో అలారాలన్నీ మోగాయి. మావారు హాల్లోంచి ‘ఏమైందో చూడు’ అని కేకేశారు. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ మా స్టాపులో బస్సు దిగలేదు. రెండు స్టాపులు ముందుకెళ్లి అరగంట కూర్చుని వచ్చాను. వాళ్లు నొచ్చుకోకుండా హోటల్ తీసుకోమని ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, వాళ్లకి మీరేమీ చెప్పక్కర్లేదు. వాళ్లు మీ స్నేహితులు కాదు, వాళ్లని పిలిచింది మీరు కాదు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

నేను ఆగిపోయింది ఆ ‘చూడు’ దగ్గర. మా అక్క కూతురు గ్లాస్గోలో ఉంటుంది కాబట్టి ఈ అలారాల సంగతి నాకు కొంత తెలుసు. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లండ్‌లో ఇంట్లోని అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉండాలన్న రూలు వచ్చింది, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. ఎండుమిరపకాయలు వేసేముందు మా అక్క కూతురు వంటింటి తలుపు మూసి, కిటికీ తీసి, అప్పుడు నూనె పెడుతుంది. మోగినా పెద్ద విషయమేం కాదు, హాల్లో ఉన్నవాళ్లు లేచి అలారం కింద నాలుగుసార్లు టవల్ ఊపితే సరిపోతుంది. మీవారు హాల్లోనే ఉన్నారు. రాత్రంతా ముసలివాళ్లని లేపి, పక్కలు మార్చి, పొద్దున్నే వచ్చి పన్నెండు మందికి టిఫిన్ చేస్తున్న మనిషి గరిటె కింద పెట్టి వచ్చి చూడాలని ఆయనకి ఎలా అనిపించింది? మంచివారే అయ్యుండొచ్చు, నేను కాదనను. మీ ఉత్తరం పెద్దది, కుదించి వేశాను, అందులో ఆ మాట మూడుసార్లు రాశారు. మూడుసార్లు రాయాల్సి వచ్చిందంటే మీకే ఎక్కడో సందేహం ఉంది.

ఆ స్నేహితుడు మూడు నెలలు అన్నం పెట్టాడని రాశారు. కొత్త దేశంలో, చేతిలో డబ్బు లేని రోజుల్లో అన్నం పెట్టినవాడిని ఎవరూ మర్చిపోకూడదు. మీవారు మర్చిపోకపోవడం నాకు నచ్చింది. కానీ ఆ అన్నం తిన్నది ఆయన. దాని తాలూకు రుణం ఏటా వారం రోజులు మీ నడుముతో, మీ నిద్రతో, మీ పాప గదితో తీరుస్తున్నారు. ఆయన మాత్రం ఉదయం నాలుగింటికి మీరు కట్టిచ్చిన పులిహోర డబ్బాలు కార్లో పెట్టుకుని అందరినీ స్కై దీవికి తీసుకెళ్లి, అటు ఐదు గంటలు ఇటు ఐదు గంటలు నడిపి, గ్లెన్‌కో దగ్గర ఫొటోలు దిగి, మంచి హోస్ట్ అనిపించుకుంటున్నారు. డ్రైవింగ్ కష్టమే, కానీ ఆ కష్టం ఆయన ఇష్టపడి పెట్టుకున్నది.

మా నాన్నగారు కూడా చెప్పాపెట్టకుండా మనుషుల్ని వెంటబెట్టుకొచ్చేవారు. అమ్మ మళ్లీ ఎసరు పెట్టేది. మన ఇళ్లల్లో అది మామూలే కదా అని మీవారు అనొచ్చు, మా ఇంట్లోనూ అదే అనేవారు. కాకపోతే మా ఇంట్లో నాయనమ్మ ఉండేది, ఇద్దరు మేనత్తలు ఉండేవారు, అంట్లు తోమే మనిషి ఉండేది. నాన్నగారు స్వయంగా బావిలోంచి నీళ్లు తోడి, విస్తళ్లు వేసి, వడ్డనకి నిలబడేవారు. అమ్మ రాత్రి డ్యూటీ చేసి వచ్చేది కాదు. అంతమంది చేసిన పని మీరొక్కరే చేస్తున్నారు. అతిథిని ఆదరించడం ఇంటి ధర్మం అని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటి ధర్మం అంటే ఇంట్లో ఉన్న అందరిదీ.

ఇక మీ సంగతి. మీరు కోపం తెచ్చుకున్నా సరే, ఇది చెప్పాలి. ఫోన్లో ఆ స్నేహితుడి భార్య ‘అక్కా, వస్తున్నాం’ అంటే ‘అయ్యో, రండి రండి’ అన్నది మీరేనని మీరే రాశారు. ఆయనతో ‘పర్లేదులెండి’ అన్నదీ మీరే. బస్సులో కూర్చున్న అరగంట గురించి నాకు రాశారు గానీ ఆయనకి చెప్పలేదు. ఇంటికి వెళ్లాలనిపించక ఇంటి స్టాపు దాటి వెళ్లడం చిన్న విషయం కాదమ్మా. ఎనిమిది మంది రావడం కంటే నాకు అదే భయం వేసింది. ఆగస్టులో మీ ఊళ్లో జరిగే ఫెస్టివల్ సంగతులు, గదుల రేట్లు ఏమీ ఎత్తకుండా ముందు ఆ అరగంట గురించి ఆయనకి చెప్పండి. ఏడుపొస్తే రానివ్వండి.

ఆ తర్వాత ఫోన్ చేయాల్సింది ఆయన. ఆగస్టులో ఎడిన్‌బరాలో హోటల్ రేట్లు మండిపోతాయి, అందుకే అందరికీ మీ ఇల్లు గుర్తొస్తుంది. 1947 నుంచి నడుస్తున్న కళల పండగలు, జనం అలాగే వస్తారు. అదే ఆయన చెప్పాలి: ‘ఒరేయ్, ఈ టైంలో మా ఇల్లు సరిపోదు, ఫైఫ్ వైపు కర్కాల్డీలోనో డన్‌ఫర్మ్‌లిన్‌లోనో గది చూస్తాను, అక్కణ్ణించి రైల్లో రావచ్చు, ఫోర్త్ వంతెన మీద నుంచి వస్తుంటే పిల్లలకి సరదాగా ఉంటుంది’ అని. రుణం తీర్చుకోవాలని అంతగా ఉంటే ఆ గది డబ్బు ఆయనే కట్టొచ్చు, అది నాకు చాలా మర్యాదగా కనిపిస్తుంది. ఒక ఆదివారం మీ ఇంట్లో భోజనం, ఆ రోజు మీకు డ్యూటీ లేకుండా చూసుకుని. వంట ఆయనా మీరూ కలిసి. నిజమైన స్నేహితుడైతే నొచ్చుకోడు, మూడు నెలలు ఒకే గదిలో ఇరుక్కుని బతికినవాడికి ఇరుకు అంటే ఏమిటో తెలుసు.

ఇంకొకటి మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఇంగ్లండ్ పిల్లలకి సెప్టెంబరు దాకా సెలవులే, స్కాట్లండ్‌లో ఆగస్టు మధ్యలోనే బడి తెరిచేస్తారు. అంటే వాళ్లు సెలవుల్లో వస్తున్నారు, మీ పాప బడికి వెళ్తోంది. వెళ్తూ, మీ మంచం పక్కన నేల మీద బొంత వేసుకుని పడుకుంటోంది, యూనిఫాం కోసం తన గది తలుపు తానే తట్టి అడుగుతోంది. పదమూడేళ్ల పిల్ల. ఆ పిల్ల కూడా మీలాగే ‘పర్లేదమ్మా’ అనే ఉంటుంది.

పాప గది ఈసారి ఎవరికీ ఇవ్వకండి. ఆ మాట మీవారితో మాట్లాడకముందే పాపకి చెప్పేయండి.