తమ్ముడూ, ఆ మూడు వేలు నీ దగ్గరే ఉంచుకో

విజయవాడ

తమ్ముడూ,

ఉత్తరం అందింది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నావంటే సంతోషం. దాన్లో ‘అన్నీ’ ఎక్కించడానికి మీ బ్రాడీపేటలో షాపతను మూడు వేలు అడుగుతున్నాడని రాశావు. ఇవ్వకు. ఆ ధరకి ఎక్కించేవన్నీ క్రాక్ చేసినవే అయ్యుంటాయి. ముందు యాంటీవైరస్ ఆపేయాలని అంటాడు చూడు, ఆ మాట వినగానే లేచి వచ్చేయ్. నీ నవల పనికి కావలసినవన్నీ పైసా ఖర్చు లేకుండా, దొంగసరుకు కాకుండా దొరుకుతాయి.

అన్నిటికన్నా ముందు, నువ్వు రాసేది యూనికోడ్‌లోనే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. మన వైపు డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఇంకా పూర్తిగా పోలేదు. పేజ్‌మేకర్‌కి 2001లో 7.0 వచ్చాక మరో పెద్ద వెర్షనే లేదు, అయినా చేయి అలవాటు పడింది కాబట్టి వదలరు. ఆ ఫాంట్లలో కొట్టిన మాటర్‌ని ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిచి చూడు, ఇంగ్లిషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. లోపల ఉన్నవి నిజానికి అవే, పైకి తెలుగులా కనిపిస్తాయంతే. యూనికోడ్‌లో అయితే మన ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. ఫోన్‌లో తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది, నవల మొత్తంలో సుబ్బమ్మని సీతమ్మగా మార్చాలంటే నిమిషం పని. ప్రెస్సువాళ్లకి పాత ఫాంటే కావాలంటే కన్వర్టర్లున్నాయి, వాళ్లే మార్చుకుంటారు. మార్చాక ప్రూఫు మాత్రం నువ్వే చూసుకో, ఒత్తులు ఎగిరిపోతుంటాయి.

టైపింగ్‌కి విడిగా ఏదీ కొననక్కర్లేదు. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లిషు అక్షరాల్లో amma అని కొట్టినట్టే కొడితే అమ్మ వస్తుంది. కానీ నవల రాసే మనిషివి, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు నేర్చుకోమంటాను. అదీ విండోస్‌లోనే ఉంది. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి వైపు చాలావరకు హల్లులు. అమ్మ అనాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. మొదట్లో విసుగొస్తుంది. చేయి తిరిగాక మాత్రం మనసులో వాక్యం ఇంగ్లిషు స్పెల్లింగు మీదుగా పోకుండా నేరుగా తెర మీదకొస్తుంది.

రాయడానికి లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టింది. దీంతో కొత్తవాళ్లందరూ ఒకచోట తికమకపడతారు. స్టైల్‌లోకి వెళ్లి ఫాంటు సైజు పెంచుతారు, తెలుగు మాత్రం పెరగదు. కారణం, ఇంగ్లిషుకి ఒక ఫాంటు, మనలాంటి లిపులకి ఇంకొకటి అది విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) అని కనిపిస్తుంది చూడు, తెలుగు ఫాంటు, సైజు అక్కడ మార్చాలి. అది కనిపించకపోతే ఆప్షన్స్‌లో భాషల సెట్టింగ్స్‌కి వెళ్లి సీటీఎల్‌కి టిక్కు పెట్టు. ఫాంటుకి మండలి, సూరన్న, రామభద్ర, అన్నీ ఉచితమే. పుస్తకం లోపలి పేజీలకి నా ఓటు మండలికి, రామభద్ర అట్ట మీదకి బాగుంటుంది. అధ్యాయాల పేర్లకి హెడింగ్ స్టైల్ ఇచ్చి ఎఫ్5 నొక్కితే అధ్యాయాలన్నీ పక్కన వరసగా వస్తాయి. ఏడో అధ్యాయాన్ని మూడోదానికి ముందుకు తేవాలంటే అక్కడ పట్టుకుని లాగడమే.

మిర్చి యార్డు హమాలీల మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తున్నానన్నావు, చాలా మంచి పని. గుంటూరు ఎండలో ఫ్యాన్ ఆపమని ఏ ఇంట్లోనూ అడగలేం కాబట్టి ఆ రొద కూడా రికార్డవుతుంది. ఆడియో దిద్దే ఆడాసిటీ వేసుకో. ఎవరూ మాట్లాడకుండా ఫ్యాన్ చప్పుడు ఒక్కటే ఉన్న ముక్క రెండు మూడు సెకన్లు సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కు. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి మళ్లీ అదే తెరిచి ఓకే కొట్టు. అతిగా తీసేశావా, మనిషి బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. ఫైలు ఎం4ఏ అయితే ఆడాసిటీకి తోడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా వేసుకోవాలి. విని రాసుకునేటప్పుడు వీఎల్‌సీ వాడు, ఎడమ బ్రాకెట్ మీట నొక్కితే వేగం తగ్గుతుంది. హమాలీల లెక్కల మాటలు మామూలు వేగంలో నాకయితే అందవు.

ఇక ఇంటి పనులు. జిప్ ఫైళ్లకి 7-జిప్. నాన్నగారి ఆధార్, పాస్‌బుక్ పీడీఎఫ్‌లు కలపాలంటే ఏదో ఉచిత వెబ్‌సైట్లో పెట్టకు, ఆ కాగితాలు ఎవరి సర్వర్‌కో వెళ్లిపోతాయి. పీడీఎఫ్‌శామ్ బేసిక్ వేసుకుంటే ఆ పని ఇంట్లోనే అయిపోతుంది. ఫొటోషాప్‌కి బదులు జింప్ ఉంది, కానీ అట్ట బొమ్మ గీసేవాళ్లకి వదిలేయ్, రాయకుండా దానితో ఆడుకుంటూ కూర్చుంటావు. ఏది దించుకున్నా దాని అసలు సైటు నుంచే దించుకో. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్లో పెద్ద పచ్చ బటన్లుంటాయి, వాటి జోలికి పోవద్దు.

కాపీల సంగతి మాత్రం బద్ధకించకు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇక్కడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నాకు తెలిసిన ఒకాయన కథలన్నీ కంప్యూటర్‌తో పాటే పోయాయి. పెన్‌డ్రైవ్ ఉంది, అదీ అదే బల్ల సొరుగులో. నీ పెన్‌డ్రైవ్ మీ అక్కావాళ్ళింట్లో పెట్టు, ఇంకో కాపీ నీ మెయిల్‌కే నువ్వు పంపుకో. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అని కాకుండా ఫైలు పేరులో తేదీ పెట్టు.

మూడో అధ్యాయం పంపేటప్పుడు పీడీఎఫ్ వద్దు, లిబ్రేఆఫీస్ సొంత ఫైలు ఓడీటీ పంపు. నా మార్పులు విడిగా కనిపించేలా ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేసి దిద్దుతాను. నచ్చిన దిద్దుబాట్లు ఉంచుకుని మిగతావి రిజెక్ట్ కొట్టేయ్, నేనేమీ అనుకోను.

ఆశీస్సులతో,
అన్నయ్య